పెర్సిస్ కదిలించిన తేదీ

నా పేరు గంగాప్రసాద్. మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గరి పల్లె. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, మూడేళ్ళు వరసగా క్లాసులో ఫస్టు. ఖతర్‌కు వచ్చి ఇరవై ఏడేళ్ళు. సెంట్రింగ్ కూలీగా దిగి, ఆరేళ్ళకు మేస్త్రినై, పదకొండో ఏట ఫోర్‌మన్ అయ్యాను. ఇంజనీరు తలకిందులుగా పట్టుకున్న డ్రాయింగును తిప్పి ఆయన చేతికిచ్చినవాణ్ణి. హిందీ, అరబ్బీ, మలయాళం, కొంచెం నేపాలీ మాట్లాడతాను. రెండు వందల పద్నాలుగు స్లాబులు నా చేతి మీద పోయించాను, ఒక్కటీ పగలలేదు. సేఫ్టీ బహుమతి రెండుసార్లు నాకే వచ్చింది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు అరవై మంది పైనే ఉంటారు, వాళ్ళలో నలుగురు ఈ రోజు ఫోర్‌మన్లు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నేను రాయబోయే మనిషి తన గురించి ఇట్లాంటి మాట ఒక్కటీ చెప్పుకోదు. ఆమె సంగతి ఎవరో ఒకరు రాయాలి. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి నేను రాయడమే సబబు.

ఆమె పేరు పెర్సిస్. పాలకొల్లు వైపు మనిషి. తండ్రి ఏబెల్ గారు కాలువ మీద లస్కరు. నీళ్ళు ఎంత వదలాలో చీటీ వస్తే ఆ ప్రకారం లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. పెర్సిస్ సివిల్ డిప్లొమా చదివి, జడ్సన్‌ను పెళ్ళి చేసుకుని, అతని వెనకే దోహా వచ్చింది. జడ్సన్ ఏసీల మెకానిక్. అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు, అందులో ఒక గది వాళ్ళది. వంటగది ఇంకో కుటుంబంతో కలిపి.

పెర్సిస్ భయస్తురాలు. ఎంత భయమంటే, లిఫ్టులో ఒంటరిగా ఎక్కదు. డ్రాయరుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. ఫోను మోగితే ముందు ఉలిక్కిపడి తర్వాత ఎత్తుతుంది. మావాళ్ళు వెనక ‘భయం మేడమ్’ అనేవాళ్ళు. నేను కూడా నవ్వినవాణ్ణే, దాచడమెందుకు.

అల్ షహానియా దారిలో ఒక బడి కడుతున్నాం అప్పుడు. మూడంతస్తులు. ఆమె మా కంపెనీ పోర్టకాబిన్‌లో, అంటే సైటులో పెట్టిన రేకుల ఆఫీసు గదిలో, కూర్చుని షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ చూసేది. ఒకసారి టీ తాగడానికి పోయినప్పుడు తెర మీద చూపించి నాకు వివరంగా చెప్పింది. ఒక్కో పనికి ఒక్కో గీత. పెద్ద పనికి పొడుగు గీత, చిన్న పనికి పొట్టి గీత. ఒక గీత తోక నుంచి దారం లాంటిది బయలుదేరి తర్వాతి గీత తలకు తగులుకుంటుంది. ముందుది ఆలస్యమైతే వెనకవన్నీ దానితోపాటు జరుగుతాయి. మధ్యమధ్యన నల్లటి చిన్న గుర్తులున్నాయి, మూల మీద నిలబెట్టిన చతురస్రం లాగా. వాటికి పొడుగు లేదు. అవి మైల్‌స్టోన్లట. ఫలానా తేదీకి ఫలానాది పూర్తి అని చెప్పే గుర్తులు.

మైలురాయి నడవదు గదా, మనమే దాని దాకా నడవాలె అన్నాను నేను. ఆమె నవ్వలేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుందనీ, నడవాలనీ, కానీ మేనేజర్ గారు ఒకదాన్ని కదలకుండా బిగించమన్నారనీ మెల్లగా చెప్పింది.

ఆ ఒకటి, రెండో అంతస్తు స్లాబు. దాన్ని తూర్పు సగం, పడమటి సగం అని రెండుగా పోస్తున్నాం. ఫిబ్రవరి నాలుగుకు రెండు సగాలూ అయిపోవాలని బడి యజమానులకు మాట ఇచ్చారు. నెలనెలా వాళ్ళకు పంపే కాగితంలో ఆ గుర్తు ఒక్క రోజు కూడా జరిగినట్టు కనపడకూడదని మేనేజర్ పంతం. గడువును పక్కన వేరే గీతగా పెడదాం సార్, గుర్తును మాత్రం వదిలేద్దాం, పని ఆలస్యమైతే అది జరిగి మనకు ముందే తెలుస్తుంది అని పెర్సిస్ అడిగిందట. చెప్పింది చెయ్యి అన్నాడట ఆయన. చేసింది. బిగించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక చూపించింది. సరే అన్న చోట నొక్కింది. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేకపోయానని తర్వాత నాతో అన్నది. ఆ గుర్తు దాటి పద్నాలుగు రోజులకు, స్లాబు గట్టిపడేదాకా కింద మోపుగా నిలబెట్టే ఇనుప జాకీలు తీసే పని దారంతో కట్టి ఉంది మరి.

ఇప్పుడు నా సంగతి. మా సైట్లో రోజువారీ రిపోర్టు మధ్యాహ్నం రెండింటికల్లా ఇవ్వాలి. డ్యూటీ అయిదు దాకా. అందుకని ఫోర్‌మన్లందరికీ ఒక అలవాటు. రెండు తర్వాత చేయబోయే పనిని కూడా చేసినట్టే రాసి ఇచ్చేస్తాం. సాయంత్రానికి ఎట్లాగూ అవుతుంది. ఇరవై ఏళ్ళుగా అట్లాగే రాస్తున్నాను, ఏనాడూ తేడా రాలేదు. నాలుగో తారీకున పంపు వచ్చి నిలబడింది, కాంక్రీటు బండ్లు దారిలో ఉన్నాయి. పడమటి సగం పోత పూర్తి అని రాసి సంతకం పెట్టాను.

రెండున్నరకు గాలి లేచింది. ఆ దుమ్ములో మనిషికి మనిషి కనపడలేదు. బండ్లు వెనక్కి పోయాయి. మరునాడు బడి యజమానుల తరఫున పని చూసే కన్సల్టెంటు ఇన్‌స్పెక్టర్ వచ్చి సలాకల మధ్య ఇసుక చేరిందని, శుభ్రం చేస్తేనే ఒప్పుకుంటానన్నాడు. అది అయ్యేసరికి పంపు వేరే సైటుకు పోయింది. చివరికి పడమటి సగం పోసింది పదమూడో తారీకున.

రిపోర్టు దిద్దలేదా అంటే, దిద్దడానికి గీత లేదు. సాఫ్ట్‌వేర్ నుంచి మాకు వచ్చే కాగితంలో మిగిలిన పనులే ఉంటాయి. పూర్తయిందని రాసింది మరునాటి నుంచి కనపడదు. పదమూడున స్లాబు పోసి కాగితం తీస్తే ఆ పనే అందులో లేదు. పోయి చెప్పొచ్చు. ‘నేను రాసింది తప్పు’ అని ఇరవై ఏడేళ్ళలో ఏ ఆఫీసు గదిలోనూ అనలేదు. ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆఫీసు వాళ్ళ కాగితం వాళ్ళది, మన పని మనది అనుకున్నాను. ఆ కాగితమే తిరిగి పని అయి మన మీదికి వస్తుందని తట్టలేదు.

జాకీలు తీసే గ్యాంగు మాది కాదు. వేరే సైటు నుంచి వస్తారు. మేస్త్రి బుచ్చన్నది నిర్మల్ దగ్గర ఊరు. స్లాబు ఎప్పుడు పోశారో వాళ్ళు కళ్ళతో చూసినవాళ్ళు కాదు. పొద్దున అయిదింటికి ఫోనుకు ఆ రోజు చేయాల్సిన పనుల జాబితా వస్తుంది, దాన్నిబట్టి బస్సెక్కుతారు. జాకీలు తీయడానికి అనుమతి చీటీ కూడా కావాలి. చీటీ మీద పోసిన తేదీ సాఫ్ట్‌వేర్ నుంచే అచ్చయి వస్తుంది. క్వాలిటీ ఇంజనీరు సెలవులో ఉంటే ఆయన బదులు వచ్చినతను చీటీ చూసి సంతకం పెట్టాడు. ఆ గ్యాంగులో నర్సింగ్ కూడా ఉన్నాడు. నా చెల్లెలి కొడుకు. నేనే వీసా తీయించి రప్పించినవాణ్ణి.

పద్దెనిమిదో తారీకు పొద్దున ఎనిమిదిన్నరకు నేను కాంపౌండ్ గోడ దగ్గర ఉన్నాను. ఫోను మోగింది.

“బాబాయ్ గారూ, పడమటి సగం ఏ రోజు పోశారండీ?” పెర్సిస్ గొంతు. నీళ్ళు తాగకుండా మాట్లాడినట్టు ఉంది.

“నాలుగో తారీకు బిడ్డా. రాసిచ్చిన గదా.”

“క్యూబ్ చీటీ నా టేబుల్ మీదకొచ్చిందండీ. పోసింది పదమూడు అని ఉంది.”

క్యూబులంటే, స్లాబు పోసేనాడే అదే కాంక్రీటుతో చిన్న దిమ్మెలు చేసి ల్యాబుకు పంపుతాం. అవి ఎంత గట్టిపడ్డాయో నొక్కి చూసి చీటీ పంపుతారు. అసలు ఆ చీటీ ఆమెకు రావలసింది కాదు. క్వాలిటీ గదిలో మనిషి లేడని ఆమె టేబుల్ మీద పెట్టి పోయారు. వేరేవాళ్ళయితే పక్కకు తోసేవాళ్ళు. ఆమె చదివింది. భయస్తులు ప్రతిదీ చదువుతారు.

ఆమె మళ్ళీ అడిగింది. “చెప్పండి బాబాయ్ గారూ.”

“పదమూడే బిడ్డా. ఏమైంది?”

“బుచ్చన్న గారి గ్యాంగ్ దాని కిందే ఉన్నారండీ. జాకీలు తీసేస్తున్నారు.”

అయిదు రోజుల స్లాబు. కింద మనుషులు. పైన, మూడో అంతస్తు కోసం నేనే దించిపెట్టించిన మూడు టన్నుల సలాకలు.

ఫోను పట్టుకునే పరుగెత్తాను. ఎంత దూరమని, మూడు వందల అడుగులు. యాభై తొమ్మిదేళ్ళ కాళ్ళు. ఇసుకలో బూట్లు కూరుకుపోతున్నాయి. పరుగెత్తుతూ ఉన్నంతసేపూ చెవులు స్లాబు వైపే పెట్టి ఉన్నాను, ఏ చప్పుడు వస్తుందోనని. నర్సింగ్‌కు ఫోను చేయాలనుకున్నాను. చేతిలో ఉన్న ఫోనులో పేరు ఎక్కడుందో కళ్ళకు కనపడలేదు.

నాకు ఫోను చేయక ముందు ఆమె ఏం చేసిందో తర్వాత చెప్పింది. చీటీ చూడగానే సాఫ్ట్‌వేర్‌లో పోత తేదీని పదమూడుకు మార్చింది. గీత జరిగింది. గుర్తు జరగలేదు. దాని వెనకున్న జాకీల పని పద్దెనిమిది మీదే నిలబడి ఉంది. మళ్ళీ మార్చింది. మళ్ళీ అంతే. తానే బిగించిన బిగింపు అది. మేనేజర్‌కు ఫోను చేస్తే మీటింగులో ఉన్నాడు, ఎత్తలేదు. బిగింపు విప్పితే ఉద్యోగం పోతుందేమో అనుకుంటూ చెయ్యి మౌస్ మీదే పెట్టి కూర్చుందట, ఎంతసేపో తెలియదు. అంతలో కిటికీలోంచి సుత్తి చప్పుడు వినపడింది. బిగింపు విప్పినా జాబితా అయిదింటికే అందరి ఫోన్లకూ చేరిపోయింది గదా అని అప్పుడు తట్టింది. నాతో మాట్లాడి, మాట పూర్తి కాకుండానే లేచి పరుగెత్తింది.

నేను చేరేసరికి ఆమె స్లాబు కింద ఉంది. హెల్మెట్ లేదు, కాళ్ళకు చెప్పులు. ఏడాదిన్నరలో ఒక్కసారీ పోర్టకాబిన్ దాటి రాని మనిషి, ఒక జాకీని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. బుచ్చన్న సుత్తి భుజాన పెట్టుకుని ఎదురుగా ఉన్నాడు. గ్యాంగు వాళ్ళు నవ్వుతున్నారు.

“మేడమ్, నువ్వు ఏసీల కూసొని గీతలు జరుపుతవు. నేను ఎండల జాకీలు జరుపుత. నీ పనికి నేనస్తున్ననా?” అంటున్నాడు బుచ్చన్న. జాబితా మీరే పంపిస్తిరి, చీటీ మీరే ఇస్తిరి, ఇప్పుడు మీరే వద్దంటిరి, ఎవరి మాట వినాలె అని అడుగుతున్నాడు. అడగడంలో తప్పు లేదు. కాగితం ఏదీ లేకుండా ఆపితే రేపు అతని మీదికే వస్తుంది.

ఆమె ఏమీ వాదించడం లేదు. జాకీని వదలడం లేదు, అంతే. జాకీ పట్టుకున్న చేతులు తెల్లబడ్డాయి.

అప్పటికే తొమ్మిది జాకీలు తీసి పక్కన పడేసి ఉన్నాయి. మొత్తం ఎనభై నాలుగు. నర్సింగ్ పదో దాని మర తిప్పుతున్నాడు. నన్ను చూసి, “ఏంది మామా, గిట్ల ఉరికొస్తున్నవ్” అన్నాడు.

బుచ్చన్న నా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు కాకా. నీ స్లాబే గదా. ఎప్పుడు పోసిండ్రు?”

అందరూ నన్నే చూస్తున్నారు. నేను పని నేర్పినవాళ్ళు ఇద్దరు ఆ గుంపులో ఉన్నారు. ఇరవై ఏడేళ్ళు నా మాటకు ఎదురులేదు. పెర్సిస్ ఒక్కతే నా ముఖం వైపు చూడలేదు. పై వైపు చూస్తోంది.

“పదమూడున పోసిన. నాలుగని రాసింది నేనే. తప్పు రాసిన” అన్నాను. “బయటికి నడువుండ్రి. అందరు. యల్లా.”

నవ్వులు ఆగిపోయాయి. బుచ్చన్న భుజం మీది సుత్తి మెల్లగా కిందికి దించాడు, చప్పుడు కాకుండా. పదకొండు మంది ఒకరి వెనక ఒకరు నడిచారు, పరుగెత్తలేదు. అడుగు గట్టిగా వేయడానికి కూడా భయమే. నర్సింగ్ నా పక్క నుంచి పోతూ నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. అప్పుడు ఎక్కడి నుంచో సన్నగా ఇసుక రాలింది. దాహమైనప్పుడు నాలుక చేసే చప్పుడు లాంటిది ఒకటి పై నుంచి వినిపించింది.

“బాబాయ్ గారూ, అదిగో” అంది పెర్సిస్. జాకీలు తీసిన వరసకు సరిగ్గా పైన స్లాబు అడుగున వెంట్రుకంత గీత. జానెడు పొడుగు.

తీసిన తొమ్మిదీ మళ్ళీ పెట్టాలి. పెట్టకుండా వదిలేస్తే మిగిలిన వాటి మీద బరువు పెరుగుతూ పోతుంది. పైకి పోయి సలాకలు దించుదామంటే ఆ స్లాబు మీదే నడవాలి. ఎవరినీ రమ్మని అనలేను. నేను ఒక జాకీ ఎత్తుకున్నాను. బుచ్చన్న నా ముఖం చూసి, ఒక బూతు మాట అన్నాడు, అని రెండోది ఎత్తుకున్నాడు.

ఒక చిక్కు వచ్చింది. జాకీ పెట్టి మర తిప్పేటప్పుడు తల కిందికి ఉంటుంది, గీత కనపడదు. ఎవరో ఒకరు దాన్నే చూస్తూ ఉండాలి. పెరిగితే కేక వేయాలి. పెర్సిస్‌ను బయటికి పొమ్మన్నాను. బయటి నుంచి ఆ గీత కనపడదండీ అంది. నిజమే, కనపడదు.

“చూస్తూ ఉంటానండీ. నేను మాట్లాడుతూనే ఉంటాను. మాట ఆగిందంటే పరుగెత్తండి” అంది.

తొమ్మిది జాకీలకు ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె మాట వినపడుతూనే ఉంది. అలాగే ఉంది బాబాయ్ గారూ. అలాగే ఉందండీ. అలాగే ఉంది. ఏడుస్తోందో ఏమో, కానీ మాట ఆగలేదు. నాలుగో జాకీ దగ్గర నా చెమట కళ్ళలోకి దిగి మర జారింది. ఇనుము మీద ఇనుము పడి ఠంగుమంది. మాట ఆగింది. బుచ్చన్నా నేనూ పరుగెత్తడానికి లేచాం. ఒక్క గుక్క తర్వాత, “అలాగే ఉందండీ” అంది. ఆ ఒక్క గుక్క ఎంత పొడుగో, నా జీవితంలో అంత పొడుగు ఏదీ లేదు.

చివరి జాకీ బిగించి ముగ్గురం ఎండలోకి వచ్చాం. బుచ్చన్న ఇసుక మీద కూలబడ్డాడు. పెర్సిస్ నిలబడే ఉంది. నీళ్ళ సీసా ఇస్తే మూత తీయలేకపోయింది. నర్సింగ్ తీసి ఇచ్చాడు.

తర్వాత ఆమె పోర్టకాబిన్‌కు పోయి ఆ గుర్తు బిగింపు విప్పింది. ఎవరినీ అడగలేదు. తలుపు దగ్గర నిలబడి నేను చూస్తున్నాను. నల్ల గుర్తు తొమ్మిది రోజులు అవతలికి పోయి పడింది. దాని వెనక జాకీల పని, గోడల పని, కరెంటు పైపుల పని అన్నీ జరిగాయి. తెరలో సగం ఎర్రబడింది. బడి తెరిచే తేదీ దాకా ఎరుపే. ఆ ఎరుపు చూసి ఆమె కళ్ళు మూసుకుంది.

మేనేజర్ వచ్చి తలుపు మూశాడు. మాటలు వినపడలేదు, ఆయన గొంతు మాత్రం వినపడింది. ఎవరూ చావలేదు గదా, తేదీ తిరిగి పెట్టు అన్నాడట. “నేను పెట్టలేనండీ. ఇంకెవరి చేతనైనా పెట్టించుకోండి” అన్నదట. ఆ రోజే ఆమె పాస్‌వర్డు తీసేసుకున్నారు. స్టోర్ కాగితాల దగ్గర కూర్చోబెట్టారు. ఉద్యోగం పోతుందేమో, జడ్సన్ ఒక్కడి జీతం మీద ఇద్దరూ ఈ దేశంలో ఎట్లా ఉండాలో అని పన్నెండు రోజులు నిద్రలేకుండా గడిపింది. నేను పోయి మేనేజర్‌కు నా తప్పు రాసిచ్చాను, నా చేతి రాతతో, తెలుగులోనూ హిందీలోనూ. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. కన్సల్టెంటు ఇన్‌స్పెక్టర్ స్లాబు గీతను ఫోటో తీసుకుపోయి, షెడ్యూలులో తేదీలు నిజంగా ఎవరికి తెలుసో వాళ్ళ సంతకం ఉంటేనే కాగితం తీసుకుంటానన్నాడు. ఆ సంతకం పెట్టగలది పెర్సిస్ ఒక్కతే కాబట్టి పదమూడో రోజు పాస్‌వర్డు తిరిగి ఇచ్చారు. సారీ ఎవరూ చెప్పలేదు.

తిరిగి కూర్చున్న రోజునే ఫోర్‌మన్ల కాగితం అడుగున ఒక ఖాళీ గీత పెట్టింది. నిన్న అయిందని రాసింది నిజానికి కాకపోతే ఇక్కడ రాయండి అని. మొదటి వారం ఎవరూ ముట్టుకోలేదు. రెండో వారం నేను రాశాను, ఒక గుమ్మం పని గురించి. ఇప్పుడు అందరూ రాస్తున్నారు.

పడమటి సగం కింది జాకీలు ఇరవై ఎనిమిది రోజులు ఉంచాం. క్యూబు చీటీ బాగానే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి, సుత్తితో తట్టి చూసి, సంతకం పెట్టాడు. రంజాన్ నెల, డ్యూటీ ఆరు గంటలే. పొద్దున్నే బుచ్చన్న గ్యాంగు దిగింది. కానీ ఎవరూ లోపలికి పోలేదు. బుచ్చన్న సుత్తి నేల మీద పెట్టి పోర్టకాబిన్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను పోయి పిలిచాను. చీటీ ఉంది, సంతకాలు ఉన్నాయి, ఇంకా నేనెందుకండీ అంది. వాళ్ళు నువ్వు చెప్తేనే చేస్తరట బిడ్డా అన్నాను.

ఈసారి హెల్మెట్ పెట్టుకుంది, జడ్సన్ కొనిచ్చిన బూట్లు వేసుకుంది. స్లాబు అంచు దగ్గర నిలబడి పోసిన తేదీ చదివింది, ఈ రోజు తేదీ చదివింది, మధ్య రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టి ఇరవై ఎనిమిది అంది. నర్సింగ్ మొదటి జాకీ మర తిప్పాడు. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఏ చప్పుడూ రాలేదు. రెండోది. మూడోది.

మేడమ్, ఇగ పో, ఎండల ఎందుకు అన్నాడు బుచ్చన్న. ఆమె కదలలేదు. చివరి జాకీ పడుకోబెట్టేదాకా మెడ ఎత్తి ఆ స్లాబు అడుగునే చూస్తూ ఉంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి.